ఆరేళ్లు ఆగిన బండి: నౌపడ–గుణుపూర్ లైను మూత మాకు ఏం చేసింది

మా అమ్మ పుట్టిల్లు ఆంధ్రలోని టెక్కలి, అత్తవారిల్లు ఒడిశాలోని పర్లాకిమిడి. ఈ రెండు ఊళ్ల మధ్య రాష్ట్రం మారుతుంది, బోర్డుల మీద లిపి మారుతుంది. పెళ్లయి చాలా ఏళ్లు గడిచినా ఆ తేడా అమ్మకు పెద్దగా తెలియలేదు. పొద్దున చిన్న రైలెక్కితే మధ్యాహ్నం తమ్ముడింట్లో భోజనం, సాయంత్రం బండికి మళ్లీ ఇల్లు. ముందుగా కబురు పెట్టే పని లేదు. పెరట్లో ఆనపకాయలు ఎక్కువ కాసినా వెళ్లేది, ఊరికే బెంగపడినా వెళ్లేది.

2004 జూన్‌లో నౌపడ–గుణుపూర్ లైనులో నడిచే ఆ బండి ఆగింది. 2010 ఆగస్టులో పర్లాకిమిడికి పెద్ద రైలు వచ్చింది. ఈ మధ్యలో మా మేనమామ పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. ఒక పెళ్లికి, ఒక చావుకు తప్ప మేం వాళ్లింటికి వెళ్లలేదు. రైలు వచ్చాక వెళ్దామనుకున్నాం. రైలు వచ్చింది కానీ పాత రాకపోకలు రాలేదు. ఎందుకు రాలేదన్న ప్రశ్న నన్ను చాలాకాలం తొలిచింది. ఇది మా ఒక్క ఇంటి సంగతి అయితే రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఈ లైను పొడవునా ఉన్న తెలుగువాళ్లను ఎవరిని కదిపినా ఇలాంటి కథ ఒకటి బయటికొస్తుంది.

రైలు మార్గం మూతపడింది అనగానే పట్టాలు పీకేసిన కట్ట, గడ్డి మొలిచిన ప్లాట్‌ఫారం గుర్తొస్తాయి. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇంకో రకం మూత. గేజ్ మార్పిడి కోసమని, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు మార్చడానికని, లైను ఆపేస్తారు, పని ఏళ్ల తరబడి సాగుతుంది. తాత్కాలికం అంటారు కాబట్టి దాన్ని ఎవరూ మూత కింద లెక్కేయరు. ఆ ఏళ్లలో జనం పోగొట్టుకున్నది ఏ పద్దులోనూ కనపడదు. తిరిగి మొదలుపెట్టిన రోజున బ్యాండు మేళం, పూలదండలు, కొబ్బరికాయలు ఉంటాయి, అందరూ సంతోషిస్తారు. నేనూ సంతోషించాను. అయినా ఆ ఆరేళ్లలో ఏం జరిగిందో ఒకసారి విప్పి చూడాలి.

సరిహద్దు కంటే ముందు పుట్టిన లైను

ఈ లైను పాత పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. దాన్ని వేయించింది పర్లాకిమిడి రాజావారు, గౌరచంద్ర గజపతి. మద్రాసు–హౌరా మెయిన్ లైను నౌపడ మీదుగా పోతోంది, తన రాజధాని ఊరు దానికి 40 కిలోమీటర్ల లోపల ఉండిపోయింది. 1898లో పని మొదలైంది. 7 లక్షల రూపాయల ఖర్చుతో 1900 ఏప్రిల్ 1న నౌపడ నుంచి పర్లాకిమిడికి బండి నడిచింది. గేజు రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు.

మొదటి పదేళ్లు నష్టాలే. 1910 తర్వాత కాస్త మిగలడం మొదలైంది. 1924–25 దాటాక లాభాలు బాగా పెరిగాయి. ఆ ధైర్యంతోనే లైనును 1929లో కొంత, 1931లో కొంత పొడిగించి గుణుపూర్ దాకా తీసుకెళ్లారు. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. ఒక చిన్న లైను తన కాళ్ల మీద తాను నిలబడటానికి పాతికేళ్లు పట్టింది, దాన్ని వేయించిన సంస్థానం అన్నాళ్లూ ఓపిక పట్టింది. ఇప్పటి లెక్కల్లో ఏ లైనుకూ అంత గడువు దొరకదు.

తేదీలను ఒకసారి గమనించండి. ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. అంటే రాష్ట్రాల గీత గీసేనాటికే ఈ బండికి 36 ఏళ్లు. గీత వచ్చి సరిగ్గా పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య పడింది. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం ఇటు, ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయాయి. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ అటు వెళ్లాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేసి, కొండల్లోని గిరిజనులైన సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. ఆ ఏడాది ఊరు ఒడిశాలో కలిసిపోవడం భరించలేక ఆయన ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు బంధువులు ఒక రాష్ట్రంలో, రేషన్ కార్డు ఇంకో రాష్ట్రంలో అయ్యాయి. అప్పటి నుంచి 2004 దాకా ఈ రెంటినీ కలిపి కుట్టిన దారం చిన్న రైలే.

ఎందుకు ఆపాల్సి వచ్చింది

గేజ్ మార్చడం తప్పు అని నేను అనడం లేదు. 1992లో దేశమంతటా ఒకే గేజ్ ఉండాలని రైల్వే యూనిగేజ్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. దానికి గట్టి కారణాలే ఉన్నాయి. చిన్న బండిలో వచ్చిన ప్రతి బస్తానూ నౌపడలో దించి పెద్ద వ్యాగన్‌లోకి మళ్లీ ఎక్కించాలి. కూలి రెండింతలు, సమయం రెండింతలు. నేరో గేజ్ ఇంజన్లు, బోగీలు, వాటి విడిభాగాలు దొరకడం ఏటికేడు కష్టమైంది. వేగం చూస్తే, కుర్రాళ్లు సరదాకి దిగి పక్కన పరిగెత్తి మళ్లీ ఎక్కేవాళ్లు.

బ్రాడ్ గేజ్ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. పాత పట్టాల పక్కన ఇంకో పట్టా వేస్తే సరిపోయే పని కాదది. కట్ట వెడల్పు చేయాలి, వంపులు సవరించాలి, ప్రతి తూమూ ప్రతి వంతెనా బరువైన బండిని మోసేలా కొత్తగా కట్టాలి, పట్టాల కింది స్లీపర్లు, కంకర అన్నీ మార్చాలి. పాత కట్ట మీదే కొత్త లైను రావాలంటే పాత బండిని ఆపక తప్పదు. పని అయ్యాక రైల్వే భద్రతా కమిషనర్ వచ్చి చూసి సరేనంటేనే జనాన్ని ఎక్కించుకోవాలి. ఇంతవరకు ఎవరూ తప్పు పట్టలేరు.

నాకు బాధ కలిగించేది సమయం సంగతి. శంకుస్థాపన 2002లో, బండి ఆపింది 2004లో, పర్లాకిమిడికి కొత్త రైలు 2010లో, గుణుపూర్‌కి 2011 జులైలో. గుణుపూర్ వాళ్లకు ఇది ఏడేళ్ల మూత. ఇలాంటి పనులకు డబ్బు బడ్జెట్లో ఏటా కొంత చొప్పున వస్తుంది. నిధులు సన్నగా వస్తే పని సన్నగా సాగుతుంది. మెయిన్ లైనులో ఒక్క పూట బండి ఆగితే పేపర్లో వస్తుంది. 90 కిలోమీటర్ల కొమ్మ లైను ఏడేళ్లు ఆగినా ఢిల్లీలో ఎవరికీ నిద్ర చెడదు.

బండి లేని ఆరేళ్లలో

నాకు గుర్తున్న చిన్న రైలులో పొద్దున బోగీ ఎండుచేపల వాసన వేసేది. సముద్రం వైపు ఊళ్ల ఆడవాళ్లు గంపలతో ఎక్కి కొండ కింది సంతలకు పోయేవాళ్లు. అటు నుంచి వచ్చేటప్పుడు అదే బోగీలో చింతపండు, పసుపు, కొండచీపుర్లు. కొండ మీది సవర ఆడవాళ్లు మోపులు ఎత్తుకుని దిగి, నాలుగు స్టేషన్లు ప్రయాణం చేసి, అమ్ముకుని, ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కుని ఎక్కేవాళ్లు. టికెట్టు పోను చేతిలో కాస్త డబ్బు మిగిలేది. ఏ సంతలో ఏ ధర పలుకుతోందో బోగీలో కూర్చునే అందరికీ తెలిసిపోయేది. ఇది చాలా పెద్ద విషయం. నాలుగు ఊళ్ల ధర తెలిసిన మనిషిని మోసం చేయడం కష్టం.

బండి ఆగాక జీపులు, ట్రెక్కర్లు అనే జీపులాంటి బండ్లు వచ్చాయి. మనిషికి ఇంత, మోపుకి ఇంత. రైల్లో తల మీది గంపకు ఎవరూ లెక్క అడగలేదు, జీపులో గంపకు కూడా ఛార్జీ. తక్కువ సరుకు అమ్ముకునే మనిషికి ఆ ఛార్జీ పోను ఏమీ మిగలదు. దాంతో ఆమె సంతకు రావడం మానేసి, ఊళ్లోకి జీపు వేసుకొచ్చే షావుకారికే అమ్మడం మొదలుపెట్టింది. ధర అతను చెప్పిందే. అవసరానికి ముందుగా పది రూపాయలు అతనే అప్పిస్తాడు, వచ్చే పంట అతనికే ఇవ్వాలి. ఒకసారి ఈ ముడి పడ్డాక రైలు వచ్చినంత మాత్రాన విడిపోదు. ఆరేళ్లంటే ఒక అప్పు రెండో తరానికి చేరేంత కాలం. ఎండుచేపల గంపలదీ అంతే. పాత ఆడవాళ్లు ముసలివాళ్లయ్యారు, కోడళ్లు ఆ బేరం నేర్చుకోలేదు. వాడుక పోయిన దారి కొన్నాళ్లకు కళ్లకు కూడా కనపడదు.

చదువుల మాట ఇంకా బాధగా ఉంటుంది. ఒడిశా వైపు తెలుగు పిల్లలకు తెలుగులో పై చదువు అంత తేలిగ్గా దొరకదు. పాతపట్నానికో, టెక్కలికో పోవాలి. రైలుకి పిల్లల సీజన్ టికెట్టు నెలకు చాలా తక్కువ పడేది, పైగా ఆడపిల్లలు గుంపుగా ఒకే బోగీలో వెళ్తారు, అందులో తెలిసిన పెద్దవాళ్లు కూడా ఉంటారు. జీపు వెనక వేలాడుతూ ఆడపిల్లను పంపడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? మా వీధిలోనే ఒక అమ్మాయి టెక్కలిలో ఇంటర్ మొదటి ఏడాది చదువుతుండగా బండి ఆగింది. రెండో ఏడాది చదవలేదు. పెళ్లి చేశారు. 2010లో మొదటి రైలు చూడటానికి స్టేషన్‌కి వచ్చినప్పుడు ఆమె చేయి పట్టుకుని ఒక బాబు ఉన్నాడు.

సరిహద్దులో రైలు విలువ వేరు

లైను ఆగితే బస్సు ఉంటుంది కదా అంటారు. లోపలి జిల్లాల్లో ఆ మాట కొంతవరకు నిజం. సరిహద్దులో అది పనిచేయదు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పై అధికారులకు ఎప్పుడూ అర్థం కానిది ఇదే.

బస్సు రాష్ట్రానిది. ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ పక్క రాష్ట్రంలో చెల్లాలంటే మోటారు వాహనాల చట్టం కింద అవతలి రాష్ట్రం ఒప్పుకోవాలి. ఎన్ని బస్సులు, ఏ రూట్లలో, ఎన్ని ట్రిప్పులు అన్నది రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం మీద ఆధారపడుతుంది. ఆ ఒప్పందాల్లో పెద్ద ఊళ్లను కలిపే బస్సులకే మొదటి చోటు. పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళానికో విశాఖకో బస్సు దొరుకుతుంది. గీతకు అటో చిన్న ఊరు, ఇటో చిన్న ఊరు అయితే వాటి మధ్య నేరుగా బస్సు దొరకడం గగనం. ఒక బస్సు దిగి, ఆటో ఎక్కి, గీత దాటి, ఇంకో బస్సు పట్టుకోవాలి. మూడు చోట్ల ఛార్జీ, మూడు చోట్ల ఎదురుచూపు.

ఏ రాష్ట్రపు బస్సులైనా తమ జిల్లా కేంద్రం వైపు తిరుగుతాయి. 1992లో గజపతి, రాయగడ జిల్లాలు ఏర్పడే వరకు పర్లాకిమిడి వాళ్లకు జిల్లా కేంద్రం ఛత్రపూర్, గుణుపూర్ వాళ్లకు కోరాపుట్. రోడ్లూ బస్సులూ అటే సాగాయి. పక్కనే ఉన్న తెలుగు ఊరు మాత్రం రవాణా లెక్కలో దూరమైపోయింది.

రైలుకి ఈ బాధ లేదు. అది కేంద్రానిది. గీత దగ్గర ఆగి పర్మిట్ చూపించదు, ఒకే టికెట్టు మీద అటూ ఇటూ నడుస్తుంది. అందుకే లోపలి జిల్లాలో ఒక రైలు ఆగితే పోయేది ఒక రవాణా సాధనం. సరిహద్దులో అదే రైలు ఆగితే రెండు పక్కల మనుషుల మధ్య ఉన్న ఒకే ఒక నేరు దారి పోతుంది. పర్లాకిమిడిలో తెలుగు మాట్లాడే ఇళ్లలో పిల్లలకు అవతలి బంధువులు, అవతలి పత్రిక, అవతలి బడి అందుబాటులో ఉన్నంతకాలం భాష దానంతటదే నిలబడింది. ఇంట్లో మాట్లాడితే చాలదు, భాషకు తిరగడానికి బయట చోటు కూడా కావాలి. ఆ ఆరేళ్లలో బడికెళ్లే వయసు పిల్లలు ఒడియా బాగా నేర్చుకున్నారు, నేర్చుకోవాల్సిందే, అది వాళ్లుండే రాష్ట్రపు భాష. కానీ తెలుగు చదవడం రాని మొదటి బ్యాచ్ మా వీధిలో వాళ్లే. దీనికి రైలు ఒక్కటే కారణం అనను. ఉన్న కారణాల్లో అదొకటి.

నష్టం ఎలా లెక్కేస్తారు

కొమ్మ లైన్లు నష్టాల్లో ఉన్నాయన్న మాట కొత్తది కాదు. 1969లోనే నష్టాల బ్రాంచి లైన్ల మీద ఒక కమిటీ వేశారు. 1980ల్లో రైల్వే సంస్కరణల కమిటీ కూడా కొన్నింటిని మూసేయమంది. చాలాచోట్ల రాష్ట్రాలు ఒప్పుకోక అవి మిగిలాయి. మా లైను కూడా స్వాతంత్ర్యం వచ్చాక లాభాలు చూసింది తక్కువ.

ఈ నష్టం ఎలా తేలుతుందో చూద్దాం. గుణుపూర్ మనిషి కలకత్తా వెళ్లాలి. చిన్న రైల్లో నౌపడ దాకా వచ్చి, అక్కడ మెయిన్ లైను బండెక్కుతాడు. చిన్న లైను పద్దులో పడేది మొదటి చిన్న టికెట్టు డబ్బు. పెద్ద టికెట్టు డబ్బు మెయిన్ లైనుకు పోతుంది. చిన్న లైను లేకపోతే ఆ మనిషి నౌపడకు రాడు, పెద్ద టికెట్టూ కొనడు. వాగులను నష్టం అని పూడ్చేసి ఏరు ఎండిపోయిందని ఏడిస్తే ఎలా ఉంటుందో ఇది అలా ఉంటుంది.

ఇంగ్లండు ఈ పాఠం చాలా ఖర్చు పెట్టి నేర్చుకుంది. 1963లో బీచింగ్ అనే అధికారి ఇచ్చిన నివేదిక 2,363 స్టేషన్లను, దాదాపు 8,000 కిలోమీటర్ల లైన్లను మూసేయమంది. మూసిన ఊళ్ల జనం దగ్గరి పెద్ద స్టేషన్ దాకా కారులో వచ్చి రైలెక్కుతారని అనుకున్నారు. కారెక్కినవాళ్లు కారులోనే వెళ్లిపోయారు. రైల్వే నష్టాలు ఆశించినట్టు తగ్గలేదు. ఆ మూతల ప్రభావాన్ని తర్వాత లెక్కగట్టిన ఆర్థికవేత్తలు, స్టేషన్ పోయిన ప్రాంతాల్లో జనాభా పెరుగుదల మందగించిందనీ, చదువుకున్న యువత వెళ్లిపోయి ముసలివాళ్లు మిగిలారనీ చూపించారు. అక్కడి ఊళ్లకు కనీసం కార్లున్నాయి. మన సవర గూడేనికి ఏముంది?

ఇంకో లెక్క కూడా పద్దులో ఉండదు. టికెట్టు డబ్బు రైల్వేకి కనపడుతుంది. సంతలో ఆ ఆడమనిషికి అదనంగా దక్కిన డబ్బు, ఆ అమ్మాయి పూర్తి చేయగలిగే ఇంటర్, శ్రీకాకుళం ఆసుపత్రికి జీపు మాట్లాడుకోవడానికి తాకట్టు పెట్టక్కర్లేని చెవికమ్మలు, ఇవి రైల్వేకి కనపడవు. లైను ఆగినప్పుడు ఖర్చు మాయం కాదు. రైల్వే పద్దులోంచి పేదవాడి కొంగుముడిలోకి మారుతుంది.

తిరిగొచ్చిన రైలు

తిరిగొచ్చిన రైలు మేలు చేయలేదని అంటే అన్యాయమే అవుతుంది. బోగీల మీద పూరీ, రూర్కెలా, విశాఖపట్నం పేర్లు కనపడ్డప్పుడు గుణుపూర్ జనానికి కలిగిన ఆనందం నేను చూశాను. నౌపడలో దిగి మూటలు మోసుకుంటూ బండి మారే తిప్పలు పోయాయి. గుణుపూర్‌లో 1997లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీకి ఇటు నుంచి తెలుగు పిల్లలు వెళ్తుంటారు, వాళ్లకు ఇది వరమే. విశాఖలో వైద్యం కోసం వెళ్లే రోగికి పడుకుని పోయే వీలుంది.

కానీ ఈ రైలు ఎవరి కోసమన్నది మారింది. పాత బండి దగ్గరి ఊళ్లను కలుపుతూ తిరిగేది. కొత్త బండి ఇక్కడి మనిషిని దూరం తీసుకుపోతుంది. దాని వేళలు అవతలి చివర ఉన్న పెద్ద ఊరి అవసరాన్ని బట్టి కుదురుతాయి, సంత వేళను బట్టి కాదు. తెల్లవారుజామునో అర్ధరాత్రికి దగ్గరగానో వచ్చే బండి దూర ప్రయాణికుడికి పర్వాలేదు, గంపతో వచ్చే మనిషికి పనికిరాదు. శ్రీకాకుళం, గజపతి జిల్లాల కుర్రాళ్లు హైదరాబాద్, చెన్నై, సూరత్ వలస పోవడం ఎప్పటి నుంచో ఉంది. రైలు ఆ పోవడాన్ని తేలిక చేసింది. సంక్రాంతికి తిరిగి రావడాన్నీ తేలిక చేసింది, అది ఒప్పుకోవాలి.

పాత రాకపోకలు ఎందుకు రాలేదన్న నా ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. రాకపోకలు అలవాటు మీద నడుస్తాయి. ఆరేళ్లలో మా ఇంటి అలవాటు ఫోనుకు మారింది. మేనమామ పిల్లలకు మేం ఫోటోల్లో కనిపించే బంధువులం. రైలెక్కి వెళ్తే ఇప్పుడు చుట్టంగా వెళ్లాలి, స్వీటు డబ్బా పట్టుకుని. ఆనపకాయ పట్టుకుని వెళ్లే చనువు పోయింది.

2020లో మళ్లీ అదే

ఆ ఏడాది మార్చిలో కరోనా వల్ల దేశమంతా ప్యాసింజర్ బండ్లు ఆగాయి. అది తప్పనిసరి. కానీ అవి తిరిగి వచ్చిన తీరు చూడండి. స్పెషల్ అనే పేరుతో వచ్చాయి. పాసింజర్ బండికి కనీస ఛార్జీ 10 రూపాయలు ఉండేది, అది 30 అయింది. మళ్లీ 10 రూపాయలకు తగ్గింది 2024 ఫిబ్రవరిలో. అంటే అన్నాళ్లూ పట్టాలూ ఉన్నాయి, బండీ ఉంది, పక్క స్టేషన్‌కి వెళ్లే పేద మనిషికి మాత్రం ఆ లైను మూసినట్టే. పట్టా పీకకుండా కూడా లైను మూయవచ్చు. ఛార్జీ పెంచి మూయవచ్చు, వేళ మార్చి మూయవచ్చు, చిన్న ఊళ్ల దగ్గర ఆగే హాల్ట్ ఎత్తేసి మూయవచ్చు. జనం ఎక్కడం తగ్గాక, చూశారా ఎవరూ ఎక్కడం లేదు అని ఆ లెక్కే చూపిస్తారు.

మహారాష్ట్ర వైపు తెలుగువాళ్లకు కూడా ఇది కొత్త కాదు. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న చంద్రపూర్ జిల్లాలో నాగ్‌భీడ్ నుంచి నాగ్‌పూర్ వెళ్లే నేరో గేజ్ బండిని 2019 నవంబరులో గేజ్ మార్పిడి కోసం ఆపారు. ఆ తర్వాత అక్కడి పల్లెలూ ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. బస్సు, జీపు, వడ్డీ, మానేసిన చదువు, అదే వరుస.

తేరుబలి దాకా

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఎనిమిది రైల్వే ప్రాజెక్టుల్లో గుణుపూర్–తేరుబలి కొత్త లైను ఒకటి, 73.62 కిలోమీటర్లు. అదే జాబితాలో మల్కనగిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వచ్చే 173.61 కిలోమీటర్ల లైను కూడా ఉంది. అదీ తెలుగు, ఒడియా ఊళ్లను కలిపేదే.

తేరుబలి విజయనగరం–రాయ్‌పూర్ లైను మీద ఉంది. గుణుపూర్ దానితో కలిస్తే మా లైను చివర మూసుకుపోయిన సందులా ఉండదు, రెండు మెయిన్ లైన్ల మధ్య నడిచే దారి అవుతుంది. నష్టాల లైను అన్న పేరు పోవచ్చు. గూడ్సు బండ్లు వస్తాయి. ఆ మాట వినగానే నాకు సంతోషంతో పాటు కొంచెం టెన్షన్ కూడా పట్టుకుంది. గూడ్సు పెరిగిన చోట లోకల్ ప్యాసింజర్‌ను పక్క పట్టా మీద, లూప్ లైనులో నిలబెట్టేస్తారు. ఒకే పట్టా ఉన్న లైనులో అది మరీ ఎక్కువ.

అందుకే ఇప్పుడే అడగాల్సినవి ఉన్నాయి. పని జరిగేటప్పుడు నౌపడ–గుణుపూర్ మధ్య ఉన్న బండ్లను ఆపకూడదు. కొత్తగా వేసే లైను కాబట్టి ఆపాల్సిన అవసరం పెద్దగా ఉండదు. ఎక్కడైనా ఆపాల్సి వస్తే ఆ రోజులకు రైలు టికెట్టు ధరకే నడిచే బస్సును, రెండు రాష్ట్రాల పర్మిట్‌తో, పని మొదలుకాకముందే సిద్ధం చేయాలి. గుణుపూర్ నుంచి పొద్దున బయల్దేరి, సంత వేళకు కాశీనగర్, పర్లాకిమిడి, పాతపట్నం దాటి, కాలేజీ వేళకు టెక్కలి చేరే ప్యాసింజర్ ఒకటి కావాలి. సాయంత్రం అదే తిరిగి రావాలి. గంపలు పెట్టుకోవడానికి ఒక బోగీలో సీట్లు తీసేసి చోటు వదలాలి.

ఈ అర్జీ రాసి స్టేషన్‌లో ఇద్దామని మొన్న మా వీధిలో సంతకాలు తీసుకున్నాం. కొందరు తెలుగులో పెట్టారు, కొందరు ఒడియాలో. అమ్మ తెలుగులో పెట్టి, కింద తన పుట్టింటి ఊరి పేరు కూడా రాసింది.